గంగాళానికి అటువైపు

షెడ్డు తాళంచెవి, ఒక తెడ్డు, ఆఖరి బస్తా గంజిపిండి. వ్యాపారి చేతిలో మిగిలినవి అంతే.

మొక్కజొన్న గంజితో మట్టిలో కలిసిపోయే సంచులు చేసే వ్యాపారం ఆయనా భార్యా కలిసి మొదలుపెట్టారు. పొయ్యి మీది గంగాళానికి చెరోవైపు నిలబడి గంజి కలిపేవారు. "చెయ్యి ఆపకండి. గడ్డకట్టడానికి మీ బుర్ర ఒక్కటి చాలు," అని ఆమె వెక్కిరించేది.

ఆమె పోయాక ఒక్కడే కలిపిన ప్రతిసారీ గడ్డలే. ఈ రాత్రిదీ చెడితే అద్దె బాకీ కింద షెడ్డు వదులుకోవాల్సిందే.

కళ్ళలోకి చెమట కారితే తెడ్డు ఆపి తుడుచుకున్నాడు. గంగాళం అడుగున గీరుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అది అటువైపు నుంచి, ఆమె కలిపే నిదానంతోనే వస్తోంది.

ఆవిరి అవతలికి చూడటానికి ధైర్యం చాలలేదు. చూస్తే ఆగిపోతుందేమోనన్న భయం అంతకన్నా పెద్దది.

"ఇంకాసేపు కలుపుదామా?" అన్నాడు తల వంచుకునే.

"చెయ్యి ఆపకండి."

గంజి ఒక్క గడ్డ లేకుండా అద్దంలా తేటపడింది. ఇప్పుడు దించి పలుచగా పరిస్తే షెడ్డు దక్కుతుంది. దించితే ఆ చప్పుడు ఆగిపోతుంది.

ఆయన దించలేదు. మాడు వాసన వచ్చినా కలుపుతూనే ఉన్నాడు.

లెక్క తేలింది. పోయింది షెడ్డు. దక్కింది ఆమెతో ఇంకొక్క రాత్రి పని.