కారని మిద్దె

బయమ్మ గట్టిగా దగ్గింది. మిద్దె మీద దబ్బున నీళ్ళు పడిన చప్పుడయింది.

సర్వే అమ్మాయి చేతిలోని ట్యాబ్ మీదినుంచి తలెత్తి పైకి చూసింది.

"ఏం చప్పుడమ్మా అది?"

"కోతులు తల్లీ. మందలు మందలుగా వస్తాండాయి." బయమ్మ స్టూలు జరిపింది. "ఆడ వద్దు, ఈడ కూర్చో. సరిగ్గా ఈ దూలం కింద."

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి కప్పు ఏ రకమో రాసుకుంటారని నిన్ననే తెలిసింది. మిద్దె కారేవాళ్ళకే కొత్త ఇల్లు వస్తుందని రచ్చకట్ట దగ్గర ఎవరో అన్నారు. అది నిజమో కాదో బయమ్మ అడగలేదు. ఈ ఏడు ఒక్క వానా పడలేదు కాబట్టి తనే కురిపించాలనుకుంది. నాలుగు రోజులకని పట్టుకున్న ట్యాంకరు నీళ్ళు కడవలకెత్తి, మొగుడు పుల్లన్నను మిద్దె ఎక్కించింది. ఆమె ఒకసారి దగ్గితే అతను ఒక కడవ పొయ్యాలి.

"కప్పు దేంతో కట్టినారు?" అడిగింది అమ్మాయి.

"మట్టితో తల్లీ. కారతాది. ఊరికే కారతాది."

"కారేది అడగలేదమ్మా. ఇందులో కాంక్రీటు, రేకులు, పెంకులు, బోద గడ్డి, బండలు, మట్టి అని ఉండాయి. ఈడినుంచి చూస్తే బండలు కనపడతాండాయి కదా?"

"బండల మీద మట్టే కదా! కిందనుంచి మాకు బండ కనపడతాది, పైనుంచి దేవునికి మట్టి కనపడతాది. దేవుడు చూసేదే రాసుకో."

"ముందర పంచకు రేకులుండాయే?"

"గాలికి ఎగిరొచ్చి పడినాయి."

"వచ్చి బోల్టులు కూడా బిగించుకున్నాయా?"

బయమ్మ జవాబుకు బదులు రెండుసార్లు దగ్గింది. పైన రెండు కడవల నీళ్ళు పడ్డాయి. ఇద్దరూ దూలం వైపు చూశారు. దూలం ఎండిన కట్టెలా పొడిగా ఉంది.

"దగ్గుకు మందు తీసుకోమ్మా."

"నా దగ్గు మందుతో పోయేది కాదు తల్లీ." బయమ్మ అమ్మాయి దగ్గరికి జరిగింది. "ఆదివారం బత్తలపల్లె వాళ్ళు మా ఇల్లు చూడను వస్తాండారు. ఇల్లు నచ్చితేనే పిల్ల ఫొటో పంపుతారంట. ఇంతకుముందు మూడు సంబంధాలొచ్చినాయి. మూడిండ్లోళ్ళూ గడప కాడ తలెత్తి ఈ మిద్దె చూసినారు. కాఫీ కూడా తాగకుండా పోయినారు. కొత్త ఇల్లు వచ్చిందని ఒక కాగితం చూపిస్తే చాలు, నా కొడుకు ఒకింటివాడవుతాడు. నీ చేతిలో ఉండాది తల్లీ."

అమ్మాయి తల దించుకుని ట్యాబ్ మీద వేలు ఆడించింది.

"నీళ్ళు యాడినుంచి తెచ్చుకుంటారు?"

"నీళ్ళు యాడుండాయి? తాగేదానికే లేవు."

ఆ మాటతోనే పైన దబ్బుమని ఇంకో కడవ పడింది. ఈసారి బయమ్మ దగ్గనే లేదు. తర్వాత వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాక్షిలోంచి పుల్లన్న తల కిందికి వచ్చింది.

"ఏమే, కారిందా లేదా? ఇంక ఒక్క కడవే ఉండాది."



"మీ ఊరి కోతులు తెలుగు బాగా మాట్లాడతాయే," అంది అమ్మాయి.

అంతలో వాకిట్లోంచి కేక వినపడింది. పై నీళ్ళన్నీ మిద్దె అంచున నీళ్ళు పోయే దోనిలోంచి ధారగా కారి, అప్పుడే చేను నుంచి వస్తున్న బయమ్మ కొడుకు ప్రణీత్ నెత్తిన పడ్డాయి. అతను ముక్కు మీదుగా, గడ్డం మీదుగా నీళ్ళు కారుతుండగా లోపలికి వచ్చాడు.

"మిద్దె మీద నీళ్ళు పోసిందెవరు మా?"

"నువ్వు నోరు మూసుకోరా!"

ప్రణీత్ తల్లిని చూశాడు, గవాక్షిలో తండ్రిని చూశాడు, ట్యాబ్ చూశాడు. సంగతి అర్థమైంది.

"మేడం, ఇది కారదు. పోయిన నెలే యాభై తట్టల చవుడు మట్టి ఎత్తుకొచ్చి నేనే పరిచినా. ట్యాంకరు బోర్లించినా చుక్క దిగదు."

"అయిపాయె!" బయమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంగ ఈనికి పెండ్లి అయినట్టే!"

"అబద్ధం చెప్పి తెచ్చుకున్న ఇంట్లో నిద్ర పట్టాల్నా మా? ఆదివారం వచ్చేవాళ్ళకూ ఇదే చెప్తా. మట్టి మిద్దె. ఎండాకాలం చల్లగా ఉంటాది. ఏటేటా చవుడు ఎయ్యాల. నేను ఏస్తా. అంతే."

"అంతేనంట! ఏ పిల్ల వస్తాదిరా ఈ మాటకు?"

అమ్మాయి లేచింది. "నేనొకసారి పైకి ఎక్కి చూడాల."

నిచ్చెన ఎక్కి మిద్దె మీద నిలబడింది. చవుడు అరచేతితో నిమిరినట్టు సమంగా ఉంది. ఎక్కడా బీట లేదు. అంచుల్లో మెత్తి గట్టిగా అణిచిన వేళ్ళ గుర్తులు కనిపించాయి. ఆమె మడమతో తొక్కి చూసింది. కాలు దిగలేదు.

మూల కూర్చున్న పుల్లన్న ఖాళీ కడవ పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు. "కొంచెం కారతాదని రాయమ్మా. పెండ్లి కావాల్సిన పిల్లోడు."

ఆమె నిచ్చెన పట్టుకుని కిందికి దిగింది.

"ఏం రాసినావు తల్లీ?" బయమ్మ ఆశగా అడిగింది.

"మట్టి మిద్దె. కారదు."

బయమ్మ గడపలో కూలబడింది. ప్రణీత్ కింద మిగిలిన కడవలోంచి చెంబెడు నీళ్ళు ముంచి అమ్మాయికి ఇచ్చాడు. అతని తలమీద నుంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె నవ్వు ఆపుకుంటూ తాగి, చెంబు తిరిగి అతని చేతికే ఇచ్చి వెళ్ళిపోయింది.

ఊరి చివర స్కూటీ ఆపింది. పొట్ట పట్టుకుని తనివితీరా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఫోను చేసింది.

"నాయనా, ఆదివారం ఆ ఇల్లు చూడను నువ్వు పోయే పనిలేదు, నేను చూసేసినా. నా ఫొటో పంపించు."