జట్టులో చోటు

గోల్ఫ్ మైదానంలో చివరి హోల్ దగ్గర గాలి మొహానికి కొడుతోంది. పశ్చిమ కాన్సస్‌లో ఏప్రిల్ వస్తే టోపీ నెత్తిన ఉండదు, చేతిలో ఉంటుంది. కర్స్టిన్ తన టోపీని నడుముకు దోపుకుని బంతి ముందు నిలబడింది. ఇంకో తప్పు చేస్తే టోర్నమెంటు చేజారుతుంది. దాంతోపాటు రెండేళ్ళ కష్టం కూడా.

“తాడు అవతల జనంలో నల్ల కళ్ళజోడు చూశావా?” అంది పలోమా మెల్లగా. ఒకే జట్టు వాళ్ళిద్దరూ. పలోమా ఆట అప్పటికే అయిపోయింది.

“చూశాను.”

“మన టోర్నమెంటుకి ఎప్పుడైనా వచ్చాడా? ఇవాళ దారి దొరికినట్టుంది పాపం.”

“నవ్వించకు. కొట్టాలి.”

ఆ నల్ల కళ్ళజోడు కోచ్ లిండెల్‌ది. వాల్నట్ రివర్ యూనివర్సిటీ అమ్మాయిల గోల్ఫ్ జట్టును చాలా ఏళ్ళుగా ఆయనే నడుపుతున్నాడు. ఆ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చర్చిలో కోచ్, కిరాణా కొట్లో కోచ్, మంగలి కుర్చీలో కూర్చున్నా కోచే. మైదానంలో అడుగుపెడితే కర్స్టిన్‌కీ అంతే.

రెండేళ్ళ కిందట ఆమె ఆయన జట్టు ఎంపికకు వెళ్ళింది. అందరినీ ఆడించి, చివర్లో వరసగా నిలబెట్టి పేర్లు చదివాడు. కర్స్టిన్ పేరు రాలేదు. పక్కకు పిలిచి చెప్పనూ లేదు.

“నా దగ్గర ఎవరికీ మినహాయింపు ఉండదు. నీ ఆట చాలదు,” అన్నాడు అందరి ముందే. “కావాలంటే జూనియర్ కాలేజీలో రెండేళ్ళు ఆడి రా. అప్పుడు చూద్దాం.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

జూనియర్ కాలేజీలో చదువు రెండేళ్ళే. అక్కడ బాగా ఆడినవాళ్ళను మిగతా చదువుకు యూనివర్సిటీలు పిలుచుకుంటాయి. పిలుపు రానివాళ్ళ ఆట అక్కడితో సరి. కర్స్టిన్ చేరిన కాలేజీకి సొంత మైదానం కూడా లేదు. ఊరివాళ్ళ చిన్న మైదానంలో గడ్డి తామే కోసి, తామే ఆడుకోవాలి. కోచ్ మిస్ బెట్టీ పొద్దున లెక్కల పాఠం చెప్పి, మధ్యాహ్నం వ్యాను నడిపేది.

ఒకసారి వాల్నట్ రివర్ అమ్మాయిలతో కలిసి ఆడాల్సి వచ్చింది.

“మీ కాలేజీలో టీచర్లుంటారా, మీరే చెప్పుకుంటారా?” అని వాళ్ళలో ఒకతె అడిగింది.

“గడ్డి మాత్రం మేమే కోస్తాం,” అంది పలోమా. “మీది కూడా కోయమంటావా?”

ఆ రోజు కోచ్ లిండెల్ అందరితో కలిపినట్టే కర్స్టిన్‌తోనూ చేయి కలిపి, తన జట్టు బస్సెక్కి వెళ్ళిపోయాడు. కర్స్టిన్ ఆ సాయంత్రం చేతులు బొబ్బలెక్కేదాకా బంతులు కొట్టింది. మిస్ బెట్టీ ఆమెకు ఒకటే నేర్పింది: ఇక్కడి గాలిలో బంతిని పైకి లేపకు.

ఇప్పుడు కూడా లేపలేదు. బంతి మోకాలెత్తున దూసుకుపోయి, నేల తాకి, దొర్లుకుంటూ వెళ్ళి జెండా పక్కన ఆగింది. చిన్న దెబ్బ వేస్తే గుంతలో పడింది. టోర్నమెంటు ఆమెదే.

చప్పట్లు ఆగాక కోచ్ లిండెల్ తాడు కింద నుంచి వంగి వచ్చాడు.

“కొట్టేటప్పుడు ఎడమ మడమ ఇంకా లేస్తోంది,” అన్నాడు.

“లేవనీండి కోచ్. గెలిచాను కదా.”

“ఆ దెబ్బ ఎక్కడ నేర్చావు?”

“మీరు పంపిన చోటే.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. “ఆగస్టు నుంచి నా జట్టులో నీకు చోటుంది. చదువు ఖర్చంతా యూనివర్సిటీదే. ఇది నీ ఆట చూసి ఇస్తున్న చోటు. ఎవరూ వేలెత్తి చూపలేరు.”



“వద్దు కోచ్,” అంది కర్స్టిన్.

“వద్దా?”

“సెడార్ బ్లఫ్స్ యూనివర్సిటీకి పొద్దునే మాటిచ్చేశాను.”

“వాళ్ళకెందుకు?”

“వాళ్ళ కోచ్ ఫిబ్రవరిలో వచ్చింది. మంచులో నాతోపాటు బంతులు ఏరింది. నా ఆట చాలుతుందో లేదో చెప్పలేదు. ఎప్పుడొస్తావని అడిగింది.”

“వాళ్ళు ఏటా అక్టోబరులో మా మైదానానికొస్తారు. నువ్వు మా మీదే ఆడాలి.”

“తెలుసు కోచ్. అందుకే.”

“బాగా ఆలోచించుకున్నావా?”

“ఆ రోజు మీరు ఆలోచించినంత.”

పలోమా నవ్వాపుకోలేక మొహం తిప్పేసుకుంది. కోచ్ లిండెల్ కోప్పడతాడేమోనని మిస్ బెట్టీ రెండడుగులు దగ్గరికొచ్చింది. ఆయన వంగి, కర్స్టిన్ గోల్ఫ్ సంచిని భుజానికెత్తుకున్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. ఇద్దరూ బండ్లు నిలిపిన చోటికి నడిచారు.

సంచిని ట్రక్కు వెనక పడేసి, ఆయన ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. కర్స్టిన్ పక్క సీట్లో కూర్చుని తలుపు లాక్కుంది.

“ఈ సంగతి అమ్మకి నువ్వే చెప్పు నాన్నా, పోయినసారి నేనే చెప్పాల్సి వచ్చింది.”