నౌఫ్ ఎవరివాడు?

తఖియా నోట్లో నువ్వుగింజ నానదు. దేవుడు నాలుకలు పంచేటప్పుడు పక్కింటావిడ వాటా కూడా ఈవిడే పట్టుకొచ్చిందని భర్త దహ్మాన్ పెళ్లయిన నాటి నుంచీ మొత్తుకుంటున్నాడు. అలాంటి మనిషి ఇవాళ నోరు విప్పడం లేదు. అదే అతణ్ని భయపెట్టింది.

“ఆ శాసనం రాయి చదివారా, లేదా?”

“సనా నుంచి వచ్చిన పండితురాలు పొద్దున్నే కొలను దగ్గర చదివింది,” అంది తఖియా, రొట్టెల పిండి మీంచి తలెత్తకుండా.

ఆడవాళ్లు నీళ్లు ముంచుకునే వేళ మగవాళ్లు కొలను ఛాయలకు పోరు. ఈవిణ్ని అడగక తప్పదు.

ఆ కొండ ఊరు నౌఫాన్. దాన్ని కట్టింది నౌఫ్ అని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆయన పై వాడ మనిషా, కింది వాడ మనిషా అన్నదగ్గరే కత్తులు లేస్తాయి. కూతురు నజీబా నిశ్చితార్థం విందులో దహ్మాన్, “మా నౌఫ్ ఊరు కడుతుంటే మీ తాతలు మేకలు తోలుకుంటున్నారు,” అన్నాడు. పై వాడ వియ్యంకుడు జాబిర్ తింటున్న ముద్ద వదిలి లేచిపోయాడు. పెళ్లి అక్కడే ఆగింది. తగువు తేల్చడానికి, కొలను గట్టునున్న నౌఫ్ కాలపు శాసనం చదవమని ఊరివాళ్లు సనా నగరం నుంచి పండితురాలిని పిలిపించారు. ఈ మధ్యాహ్నం జుమ్మా నమాజు కాగానే రాతిమీది మాట అందరి ముందూ చెబుతారు.

“ఎవరివాడట?”

“నన్నడుగుతారేం? నా నోట్లో ఏదీ దాగదంటారుగా.”

“తఖియా.”

“వాళ్లవాడేనట.”

దహ్మాన్ గోడకు జారబడ్డాడు. నమాజు దాటాక తల వంచితే ఓటమి. ఈలోపే వంచితే క్షమాపణ. దానికి ఆ కొండల్లో ఒకటే పద్ధతి: నడుముకున్న కత్తి ఎదుటివాడి చేతికిచ్చి, అతని గుమ్మంలో ఎద్దును కోయాలి. అతను కత్తి అందుకోకపోతే పెళ్లి మాట మరిచిపోవాలి.

“పిల్ల రాత్రి కూడా అన్నం ముట్టలేదు,” అంది తఖియా.

అతను లేచి ఎద్దు పలుపు విప్పాడు.

రాతిమెట్ల దారి పొడుగునా కిటికీల వెనక గుసగుసలు. “నౌఫ్‌గారి మనవడు ఊరేగుతున్నాడే,” అని ఎవరో నవ్వారు. దహ్మాన్ తల తిప్పలేదు.

పై వాడ మలుపులో ఇంకో ఎద్దు ఎదురైంది. దాని వెనక జాబిర్.

దారి ఒక్క ఎద్దుకే సరిపోతుంది. ఇద్దరూ ఆగిపోయారు.

“ఎక్కడికి?” అన్నాడు జాబిర్.

“మీ ఇంటికే.”

దహ్మాన్ కత్తి దూశాడు. జాబిర్ చెయ్యి తన కత్తి మీదికి పోయింది. గుసగుసలు ఆగాయి.

దహ్మాన్ పిడిని అతని వైపు తిప్పి చాచాడు. “తప్పు నాది, బావగారూ. నౌఫ్ మీవాడే.”

జాబిర్ కత్తి అందుకుని, అయోమయంగా చూశాడు. “తప్పు నాదని చెప్పడానికే నేనూ బయల్దేరాను. మీవాడేనని మా ఆవిడ చెప్పింది.”

కింద ఊరి వాకిట్లో జీపు ఆగింది. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ దిగి, పైకి చూసి కేకేసింది.

“సనా నుంచి వస్తున్నా, చదవాల్సిన రాయి ఎక్కడండీ?”