ఎవరికా సైగలు?

“ఎవలి పిల్ల ఇది? చెప్పు!” అంటూ ఆటో రాంకిషన్ ఆ ఆడమనిషి చంకలోని పాపను లాగేసుకున్నాడు.

జహీరాబాద్ బస్టాండులో బీదర్ బస్సు కోసం నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా చుట్టూ మూగారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా పక్కనున్న కోహీర్ దాకా వచ్చిందని పొద్దున్నుంచి అందరి ఫోన్లలో ఒకటే మెసేజ్. నిజమో అబద్ధమో ఎవడు చూడొచ్చాడు? రాంకిషన్‌కు ఇంట్లో సరిగ్గా ఇంతే కూతురుంది, రెండేళ్లు నిండలేదు. ఆ మెసేజ్ చూసినప్పటి నుంచి అతనికి ప్రాణం ప్రాణంలో లేదు.

ఆ మనిషి నోరు విప్పలేదు. పాపేమో గుక్కపట్టి ఏడుస్తోంది.

“తల్లయితె చెప్పనీకేమైంది? నోరు పడిపోయిందా?” అని గద్దించాడు రాంకిషన్.

“పిల్ల సుత అమ్మా అంటలేదు సూడున్రి! గింత సేపాయె, ఒక్కపారన్న అన్నదా?” అంది పూలమ్మే భాగీరథి.

ఇంకేం కావాలి? పిల్లల దొంగ అని ముద్ర పడిపోయింది. ఎవడో రసం బండి మీంచి చెరకు గడ లాగాడు. ఇంకొకడు బెల్టు విప్పాడు. మిగతావాళ్లు ఫోన్లు తీశారు.

వర్షిత కూడా ఆ బస్సు కోసమే వచ్చింది. బీఈడీ చదువుతోంది, రేపు సైకాలజీ పరీక్ష, పుస్తకం చేతిలోనే ఉంది. ఇంకో నిమిషం ఊరుకుంటే ఇక్కడ శవం లేస్తుందని ఆమెకు తెలిసిపోయింది.

“అన్నా, జర ఆగున్రి! మాటలు రాని పిల్ల గూడ ఇంట్ల మాట్లాడే భాషను గుర్తుపడ్తది. ముందుగాల చప్పుడు, చప్పుళ్లు కలిస్తె మాట, మాటలు కలిస్తె వాక్యం. భాష గట్లనే వస్తది. మీరు తలా ఒక భాషల పిలువున్రి. పిల్ల దేనికి తల తిప్పితె అదే దాని ఇంటి భాష. గా భాషలనే ఈమెను అడుగుదం.”

జహీరాబాద్‌లో భాషలకేం కరువు!

“బుజ్జీ, మీ అమ్మ ఏది?” అన్నాడు రాంకిషన్.

“మగూ, నిమ్మవ్వ ఎల్లి?” అని అదే మాట కన్నడంలో అడిగాడు రసం బండి గురులింగప్ప.

“బాళా, తుఝీ ఆయీ కుఠే?” అంది భాగీరథి మరాఠీలో.

“బేటీ, అమ్మీ కహా హై?” అన్నాడు అరటిపళ్లాయన ఉర్దూలో.

పాప ఒక్కదానికీ తల తిప్పలేదు.

“సూసినవా చెల్లె? నాలుగిట్ల ఒక్కటి గాదు! యాడ్నో దూరంకెల్లి ఎత్తుకొచ్చింది!” అన్నాడు రాంకిషన్.

అయ్యో, కాపాడబోయి వర్షితే ఆమె కొంప ముంచింది.

అప్పుడు కదిలాయి ఆ మనిషి చేతులు. రెండు వేళ్లు గడ్డానికి ఆనించింది. పిడికిలి గుండె మీద పెట్టింది. అరచేయి తెరిచింది. మళ్లీ అవే మూడు, అదే వరుసలో. కొడతామంటున్న వాళ్ల వంక కూడా చూడదు. జనం మధ్యలోకి ఎటో చూస్తోంది.

“సైగలు జేస్తుంది! గ్యాంగోడు ఈడనే ఉన్నడు!” గురులింగప్ప కేక పెట్టాడు.

అంతవరకూ గుంపులో ఉన్నామన్న ధైర్యం కాస్తా ఎగిరిపోయింది. పక్కనున్నవాడే దొంగేమో! ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. ఆడవాళ్లు పిల్లల్ని కొంగుల్లోకి లాక్కున్నారు. రాంకిషన్ పాపను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరు మగాళ్లు ఆమె చేతులు వెనక్కి విరిచారు. ఆమె గొంతులోంచి కేక వచ్చింది. అది ఏ భాషా కాదు.

“ఎవనికే సైగలు? వాని పేరు చెప్పు!” చెరకు గడ పైకి లేచింది.

వర్షిత ఆమె చూపు వెంటే చూసింది. చూసి, ఒక్క ఉదుటున వెళ్లి ఆ గడ పట్టుకుంది.

“కొట్టకున్రి! మీ కాళ్లు మొక్కుత, కొట్టకున్రి! ఆమెకు జవాబు చెప్పేటోళ్లు దొరికిన్రు.”

“ఎవడు? యాడున్నడు?” అరిచాడు రాంకిషన్.

“నీ చంకలనే, అన్నా.”

రాంకిషన్ తల వంచి చూశాడు. ఏడుపు ఆపేసిన పాప రెండు చిట్టి వేళ్లు గడ్డానికి ఆనించి, పిడికిలి గుండె మీద పెట్టుకుని, వాళ్లమ్మతో మాట్లాడుతోంది.