మడిచిన వేలు

వాడరేవు దగ్గర ఆ సరుగుడు అడవిలో పుట్టగొడుగుని కోస్తేనే కాదు, తొక్కినా ఊరుకునేది కాదు వాచర్ కొండమ్మ. ఎవరికైనా చూపించాలంటే వేలు మడిచే చూపించేది. వేలు చాపితే పిందె కుళ్ళినట్టు అదీ కుళ్ళిపోతుందని ఆమె భయం.

పుట్టగొడుగుల రకాలు చూడ్డానికి ఒంగోలు కాలేజీ నుంచి వచ్చిన స్తుతికి నవ్వాగలేదు. స్నేహితురాలు మెర్సీని కొండమ్మ దగ్గర కబుర్లకి వదిలేసి, చెప్పులు విప్పి తనొక్కతే లోపలికి వెళ్ళింది.

ఫోటోలు తీసుకునేసరికి చీకటి పడింది. గాలి ఆగింది. అంతసేపూ హోరుమన్న సముద్రం కూడా నోరు మూసుకుంది.

వెళ్దామని కాలు తీయబోతే రాలేదు. రెండోదీ అంతే. రాలిన ఆకు కిందనుంచి ఏదో చల్లగా, మెత్తగా పాదాల్ని పట్టుకునుంది. "మెర్సీ!" అని అరవబోయింది. గొంతు పెగల్లేదు.

అంతలో టార్చి లైటు కనబడింది. ఆ ఇద్దరే. హమ్మయ్య అనుకుంది స్తుతి. వెలుగు సూటిగా ఆమె మొహమ్మీద పడింది.

"స్తుతి ఇటే వచ్చిందండీ," అంటూ మెర్సీ ఆమె మీదికే నడిచింది.

"ఆగు పాపా! తొక్కబాక," అని కొండమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "పొద్దున లేదిది. ఇప్పుడే మొలిచినట్టుంది."

అని స్తుతిని చూపించింది, వేలు మడిచి.