నలభై మీది ముల్లు

వేములవాడ కమాను ఇంకా దాటనే లేదు, వెంకటి గొడవ మొదలుపెట్టాడు.

"మీటరు కనవడ్తలేదే."

ఎండ ముందు అద్దంలోంచి దిగి మీటర్ల గాజు మీద తళతళలాడుతోంది. వెంకటి కొంగలా మెడ చాచాడు. కళ్లు చిట్లించాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నలభై మీదనే ఉన్నదయ్యా," అంది శంకరవ్వ.

"నువ్వు జెప్తె నమ్మాల్నా? నా కండ్లకు కనవడాలె."

ఆ బండే వాళ్ల ఇల్లు. పెళ్లిళ్లకు తిరిగిన పాత వ్యాను కొని, వెనక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించుకున్నారు. ఆలోచన శంకరవ్వదే. వెంకటి ముప్పై ఏళ్లు దుబాయిలో ట్రైలరు నడిపాడు. వచ్చేవాడు, పోయేవాడు. ఎయిర్‌పోర్టు గాజుతలుపు అవతల చిన్నదైపోయే ఆ వీపు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు. ఇల్లే వెంట నడిస్తే ఇక ఎవరు ఎవర్ని సాగనంపాలి?

తిరిగొచ్చిన కొత్తలో ఒక గండం గడిచింది. దుబాయి అలవాటున వెంకటి రోడ్డుకు కుడిపక్కనే పోయి, కథలాపూర్ దగ్గర ఓ బరాత్‌కు ఎదురెళ్లాడు. బ్యాండు వాళ్లు డప్పులతో సహా మడిలోకి దూకారు. పెళ్లికొడుకు గుర్రం ఒక్కటే కదలకుండా నిలబడి బండిని ఎగాదిగా చూసింది. ఆ రాత్రే మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. బండి నలభై దాటొద్దు. దాటలేదని ఇద్దరికీ కనబడాలి.

"కనవడకుంటే గీ బండ్ల కూసోను. కోరుట్లల దిగి బస్సెక్కుత. ధర్మపురిల కలుద్దాం," అన్నాడు వెంకటి.

కలుద్దాం అన్న మాట ఆమెకు కొత్త కాదు. దుబాయి పోయేటప్పుడూ అదే అనేవాడు.

బండి రోడ్డు పక్కన ఆగింది. శంకరవ్వ సిరిసిల్ల మగ్గాల నల్లగుడ్డ తీసి డ్యాష్‌బోర్డు మీద పరిచింది. మెరుపు తగ్గింది. మిఠాయి డబ్బా కత్తిరించి మీటర్ల మీద చూరులా అతికించింది. నీడ పడింది.

వెంకటి తన సీట్లోంచి పరీక్షగా చూశాడు. "చూరు మంచిగున్నది. మీటరే కనవడ్తలేదు."

కోరుట్లలో మెకానిక్ వేణు బండి ఎక్కి చూశాడు.

"దీపావళి లెక్క కనవడుతున్నయి గద తాతా."

"నీది పడుసు కన్ను," అన్నాడు వెంకటి కింద నుంచే.

వేణు గాజు తుడిచాడు. లోపలి బల్బులు మార్చి తెల్లవి వేశాడు. దిగాడు. వెంకటి ఎక్కి, తన చోట కూర్చుని, చాలాసేపు చూశాడు.

"లాభం లేదు. నా సంచి ఇయ్యి."

అది దుబాయి సంచి. విమానం చీటీ ఇంకా దాని పట్టీకి వేలాడుతోంది. శంకరవ్వ సంచి ఇవ్వలేదు. గుండెకు హత్తుకుని వేణు దగ్గరకు నడిచింది.

"మీటర్ల బోర్డే విప్పు కొడుకా. ఆయన మొకం దిక్కు తిప్పు."

వేణు ఆమెను చూశాడు. బండిలో ఉన్న ఆయన్ను చూశాడు.

"గట్ల తిప్పితే, అవ్వా..."

"నువ్వు తిప్పు."

వేణు మరలు విప్పి, బోర్డును వంకరగా తిప్పి బిగించాడు.

వెంకటి మొహం విచ్చుకుంది. "ఆఁ. ముల్లు సున్న మీదున్నది. ఇగ బస్సెందుకు? జగిత్యాలల ఛాయ్ తాగుదాం పా."

ఆమె చేతిలోని సంచి అందుకుని కాళ్ల కింద పెట్టుకుని, మీటరు మీంచి చూపు తిప్పకుండా, బెల్టు బిగించుకున్నాడు.

శంకరవ్వ అటుపక్కకు తిరిగి వచ్చి బండెక్కి, కొంగు నడుముకు దోపి, స్టీరింగు పట్టుకుని మొదటి గేరు వేసింది.