గెలిచినవాడికి ఫోను

"ఫోను వద్దందాం బావా. దాని బదులు ఫులూస్ ఇమ్మని అడుగుదాం," అన్నాడు నర్సింలు, డోలక్ తాళ్ళు బిగిస్తూ.

రాజేశం పాట ఆపేశాడు. "పిచ్చిగిట్ల లేసిందారా? మీ అక్క గొంతు ఇనక మూడేండ్లాయె. పైసలు నేనేం జేసుకోను?"

నర్సింలు డోలక్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వాడు భూమవ్వకు తోడబుట్టినవాడు. రాజేశమే వీసా ఇప్పించి దోహాకు రప్పించుకున్న బామ్మర్ది. అలాంటివాడి నోట ఇలాంటి మాట వచ్చేసరికి రాజేశానికి ఒళ్ళు మండింది.

టీవీవాళ్ళు దేశాల పాటల పోటీ పెట్టారు. ఖతర్‌లో పనిచేసుకునే పరదేశులు దేశానికి ఒకరు చొప్పున పాడాలి. ఒక్కో దేశం తరఫున ఒక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మిగతా దేశాలకు మార్కులు వేస్తారు, సొంత దేశానికి వేసుకోకూడదు. గెలిచినవాడికి వేదిక మీదే ఇంటికి ఫోను కలుపుతారు. ఇంటావిడ గొంతు హాలంతా వినిపిస్తుంది, టీవీలో దోహా అంతా వింటుంది. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెల పట్టే రోజులు కదా, ఇంతకన్నా పెద్ద బహుమతి ఏముంటుంది? రాజేశం వాళ్ళ ఊళ్ళో ఫోనున్నది పోస్టాఫీసులోనే. పోటీ సాయంత్రం భూమవ్వను అక్కడికి తెచ్చి కూర్చోబెట్టమని టీవీవాళ్ళే కబురు పంపారు. ఆమెకు ఖతరూ దుబాయే, కువైటూ దుబాయే. 'దుబాయ్ నుంచి మా ఆయన మాట్లాడుతడట' అని వాడకట్టంతా టముకు వేసి ఉంటుందని రాజేశం తనలో తనే నవ్వుకునేవాడు.

ఇండియా తరఫున అతన్ని ఎంచుకున్న వారమే ఊరి నుంచి లస్మయ్య కొత్తగా దిగాడు. రాజేశం ఎదురెళ్ళి, "మా ఇంటిది ఏమన్న పంపిందానే?" అని అడిగాడు.

"పచ్చడి సీస ఇచ్చిందే... బొంబాయిల పలిగింది," అన్నాడు లస్మయ్య తలెత్తకుండా.

పచ్చడి సీసాకే ఇంత సిగ్గుపడాలా అని రాజేశమే వాడి వీపు తట్టి ఓదార్చాడు.

ఆ తర్వాత క్యాంపులో రాజేశానికి మర్యాదలే మర్యాదలు. మెస్‌లో మంచి ముక్కలన్నీ అతని కంచంలోనే పడేవి. బట్టలు ఎవరో ఒకరు ఉతికి ఆరేసేవారు. నోరు తెరిస్తే తిట్టు తప్ప రాని ఫోర్‌మన్ ముజఫ్ఫర్ అలీ కూడా, వెస్ట్ బే సైటులో అతను ఇనుప కడ్డీలు మోస్తుంటే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ధూప్ మే మత్ జావ్ భాయ్. బైఠో," అని నీడకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"నా గొంతు ఖరాబైతదని సాబ్‌కు బుగులు," అని రాజేశం గదిలో గొప్పలు పోతే, ఒక్కడంటే ఒక్కడు ఎగతాళి చేయలేదు. పాటగాడంటే ఆమాత్రం విలువ ఉంటుంది మరి అనుకున్నాడు.

నర్సింలు మాత్రం రోజురోజుకూ వాడిపోయాడు. అన్నం సగంలోనే వదిలేసి లేచేవాడు. ఇండియాకు పాడాలని వాడూ పోటీపడి ఓడిపోయాడు. దాంతో కడుపుమంట పట్టుకుందని రాజేశం తీర్మానించుకున్నాడు. పరాయివాళ్ళు సంతోషిస్తుంటే సొంతవాడికే కళ్ళు కుట్టడం అతనికి బాగా బాధ కలిగించింది.

పోటీ రోజున హాలు కిటకిటలాడింది. కొరియా అతను గొంతు చించుకున్నాడు. సూడాన్ అతను బాగానే పాడాడు. తర్వాత రాజేశం వంతు వచ్చింది. నాట్లప్పుడు భూమవ్వ ఎత్తుకునే పాటనే అతనూ ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయ్యేసరికి చప్పట్లు మోగాయి. ఈజిప్టు బెంచీ మొత్తం లేచి నిలబడింది. గెలిచేశానని రాజేశానికి అప్పుడే తెలిసిపోయింది. ఆనందం పట్టలేక, పక్కన డోలక్ వాయిస్తున్న బామ్మర్ది వైపు చూశాడు. నర్సింలు మొహమంతా తడిగా ఉంది, లైట్ల వేడికి చెమట పట్టిందనుకున్నాడు.

రెండో చరణంలో డోలక్ దెబ్బ తప్పింది. పొరపాటేమోనని రాజేశం సర్దుకున్నాడు. మళ్ళీ తప్పింది. ఆ తర్వాత నర్సింలు డోలక్‌ను ఒళ్ళోంచి తోసేసి, చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. రాజేశం పాట గాలిలో తేలిపోయింది. వెనక ఎవరో నవ్వారు.

సూడాన్ అతను గెలిచాడు. అతనికి ఫోను కలిపారు. అవతల భార్య ఏడుస్తూ ఏదో అంటోంది, అతను నవ్వుతూ ఏదో అంటున్నాడు. ఆ భాష ఒక్క ముక్క తెలియకపోయినా రాజేశానికి అంతా అర్థమైంది. అక్కడ పోస్టాఫీసు బల్ల మీద భూమవ్వ కూర్చునే ఉంటుంది, మోగని ఫోను వంక చూస్తూ. ఆ ఆలోచనకే అతని గుండె చెరువైంది. ఇక ఈ జన్మకు ఇలాంటి రోజు రాదు.

హాలు బయటకు రాగానే రాజేశం నర్సింలు కాలరు పట్టుకున్నాడు.

"కావాలనే ఆపినవు గదరా?"

"అవు బావా."

చెంప పగిలేలా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నర్సింలు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. క్యాంపువాళ్ళు ఇంతమంది ఉండి ఒక్కడూ విడిపించలేదు. లస్మయ్య అటు తిరిగి నిలబడ్డాడు.

"మీ అక్క గొంతు నేనింటే నీకేం పోతుండెరా? గింత కుళ్ళా?"

నర్సింలు పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"అప్పు జేసైనా సరే, ఇప్పుడే ఫోన్ జేస్త. పాపం, ఆడ్నే కూసుండి ఉంటది. నువ్వు జేసిన పని ఆమెకే చెప్త!" రాజేశం టెలిఫోన్ ఆఫీసు దారి పట్టాడు.

నర్సింలు పరుగెత్తుకొచ్చి రోడ్డు మీదే అతని కాళ్ళు చుట్టేశాడు.

"ఇడువురా! మీ అక్కతోటి మాట్లాడాలె నేను!"

"అక్క బతికి లేదు బావా."